చుక్కలో మేలు... చెంచాలో చేటు!

బయట ముసురు. ఇంట్లో నాలుగేళ్ల బాబుకి ముక్కు దిబ్బడ. రాత్రి పది దాటినా నిద్రపోడు. నోటితో గాలి పీలుస్తూ గునుస్తుంటాడు. 'అత్తయ్యా, వీడికి ఊపిరాడట్లేదు' అంటూ కోడలు కంగారుపడితే, 'ఏం కాదులేమ్మా. ఆ కిటికీలో నీలగిరి తైలం సీసా ఉంది, ఇలా పట్రా' అంటుంది పెద్దావిడ. మూత తీయగానే గది నిండా ఘాటు. చేతిరుమాలు మీద రెండు చుక్కలు వేసి, దిండుకు కాస్త ఎడంగా పెడితే... కాసేపటికి బాబు నిద్రలోకి జారుకుంటాడు. సీసా మళ్లీ కిటికీలోకి వెళ్లిపోతుంది.

తెలుగునాట చాలా ఇళ్లలో ఏటా వానాకాలంలోనూ, చలికాలంలోనూ కనిపించే దృశ్యమే ఇది. ఆ రెండు చుక్కల్లో తప్పేమీ లేదు. చిక్కల్లా తర్వాతే! తెల్లారాక బాబు కుర్చీ లాక్కుని ఎక్కితే ఆ కిటికీ అందుతుంది. రాత్రి తనకు హాయినిచ్చిన సీసా అది. కమ్మటి వాసన. మూత కూడా తేలిగ్గానే వస్తుంది.

నీలగిరి తైలం గురించి తెలుసుకోవాల్సినదంతా ఈ రెండు దృశ్యాల మధ్యే ఉంది. ఒంటి బయట, చుక్కల లెక్కన వాడితే నేస్తం. చెంచా లెక్కన లోపలికి వెళ్తే విషం. ఒక టీ చెంచా అంటే ఐదు మిల్లీలీటర్లు, అంటే దాదాపు వంద చుక్కలు! ఆవిరి పట్టుకోవడానికి మూడు చుక్కలు చాలు. మందుకీ విషానికీ మధ్య ఉన్న దూరం అదే.

పేరు మనది... ఊరు ఆస్ట్రేలియాది!

ఊటీ వెళ్లొచ్చినవారి సంచిలో మూడు వస్తువులు ఖాయం. టీ పొడి, ఇంట్లో చేసిన చాక్లెట్లు, నీలగిరి తైలం. పేరును బట్టి అది ఆ కొండల్లోనే పుట్టిందనుకుంటాం. నిజానికి ఆ చెట్టు సొంతూరు ఆస్ట్రేలియా. అక్కడి ఆదివాసులు ఎన్నో తరాలుగా ఆ ఆకుల్ని జ్వరాలకీ గాయాలకీ వాడుతూనే ఉన్నారు. 1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీ తీరానికి చేరాక, వాటిలో వచ్చిన వైద్యులు అక్కడి చెట్ల ఆకుల నుంచి నూనె తీసి ఇంగ్లండుకు పంపారు. వాసన పుదీనాను తలపించడంతో ఆ చెట్టుకు 'సిడ్నీ పెప్పర్‌మింట్' అని పేరు పెట్టారు.

దాన్ని వ్యాపారంగా మలిచినవాడు జోసెఫ్ బోసిస్టో. ఇంగ్లండులో పుట్టి ఆస్ట్రేలియాలో స్థిరపడిన ఔషధ నిపుణుడు. 1852లో విక్టోరియా రాష్ట్రంలో ఆయన పెట్టిన బట్టీతోనే ఈ నూనె పెద్దఎత్తున సీసాల్లోకి ఎక్కడం మొదలైంది.

ఇక నీలగిరుల సంగతి. 1843 ప్రాంతంలో బ్రిటిష్ అధికారులు ఈ చెట్టును అక్కడికి తెచ్చారు, నూనె కోసం కాదు, కట్టెల కోసం! చలికి పొయ్యిలు ఆరనివ్వని ఊటీలో చుట్టుపక్కల అడవులు వేగంగా తరిగిపోతున్నాయి. తొందరగా ఎదిగే చెట్టేదని వెతికితే ఇది కుదిరింది. కొండల మీద చల్లటి గాలి, పొగమంచు దానికి బాగా నచ్చాయి. ఆకు రాలింది, నూనె తీయడం మొదలైంది. చివరికి కొండల పేరే నూనెకు స్థిరపడింది. నీలగిరులకు ఆ పేరు మాత్రం ఈ చెట్టు వల్ల రాలేదు. చెట్టు రాకముందు నుంచీ అవి నీలగిరులే.

తెలుగువారికి ఈ వాసన మరోలా కూడా పరిచయమే. ఆంధ్రపత్రిక వ్యవస్థాపకుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఇప్పుడు బజార్లో దొరికే నొప్పి బామ్‌లు ఏవి తీసుకున్నా పెట్టె మీద కర్పూరం, పుదీనా పువ్వుతో పాటు నీలగిరి తైలం పేరూ తరచూ కనిపిస్తుంది.

చేనిగట్టు జామాయిల్ వేరు

'నీలగిరి చెట్టంటే మా ఊళ్లో ఉన్న జామాయిలే కదా' అనేవారు చాలామందే. ఖమ్మం, భద్రాచలం, ప్రకాశం వైపు వెళ్తే ఎకరాలకెకరాలు జామాయిల్ తోటలే. అదీ యూకలిప్టస్ కుటుంబమే, కానీ అన్నదమ్ముల్లో గుణాలు వేరు! ఈ జాతిలో ఏడు వందలకు పైగా రకాలున్నాయి. మన మైదానాల్లో వేసేవి ఎండను తట్టుకుని, నిటారుగా, వేగంగా పెరిగే రకాలు. కాగితం గుజ్జుకూ, కర్రకూ పనికొస్తాయి. ఊటీ కొండల మీద ఉన్నది 'గ్లోబ్యులస్' రకం. మందుగా వాడే నూనెకు పేరు దానిదే.

తేడా ఎక్కడంటే... ఈ నూనెలో అసలు సరుకు 'సినియోల్' అనే పదార్థం. దీన్నే యూకలిప్టాల్ అని కూడా అంటారు. మందుల్లో వాడే నూనెలో ఇది కనీసం 70 శాతం ఉండాలన్నది ప్రమాణం. పొలం గట్టున ఉన్న చెట్టు ఆకులో అది ఎంతుందో రకాన్ని బట్టి, నేలను బట్టి మారిపోతుంది. కాబట్టి జామాయిల్ ఆకు మరగబెట్టి కషాయం తాగడం లాంటి ప్రయోగాలు వద్దు.

నిమ్మ వాసన వచ్చే యూకలిప్టస్ ఇంకొకటి ఉంది. దాంట్లో సినియోల్ కాదు, 'సిట్రోనెలాల్' ఎక్కువ. దాని నుంచి తయారుచేసే 'పీఎండీ' అనే పదార్థాన్ని దోమల్ని దూరంగా ఉంచే క్రీముల్లో, స్ప్రేల్లో వాడతారు. మూడేళ్లలోపు పిల్లలకు అదీ వద్దని అమెరికా ఆరోగ్య సంస్థ 'సీడీసీ' చెబుతోంది. మన ఇంట్లో ఉన్న నీలగిరి తైలానికీ దానికీ సంబంధం లేదు. ఇది రాసుకుంటే రాత్రంతా దోమలు రావనుకుంటే పొరపాటే. వాసన ఎగిరిపోగానే అవి మళ్లీ హాజరు!

ఆకు నుంచి చుక్క దాకా...

నీలగిరుల్లో నూనె తీసే పద్ధతి చూడ్డానికి చాలా సాదా. రాలిన ఆకుల్నీ, నరికిన కొమ్మల నుంచి దూసిన ఆకుల్నీ మూటలు కట్టి తెస్తారు. ఓ పాకలో పెద్ద బాన. అందులో ఆకు కుక్కి, కింద మంట పెడతారు. ఆవిరి ఆకుల్లోంచి పైకి లేస్తూ నూనెను వెంట తీసుకెళ్తుంది. మూత నుంచి బయల్దేరిన గొట్టం చన్నీళ్ల తొట్టిలోంచి వెళ్తుంది. అక్కడ ఆవిరి చల్లబడి నీరూ నూనే కలిసి రెండో చివర ధారకడతాయి. నీళ్ల మీద తేలిన నూనెను వంచుకోవడమే. వంద కిలోల ఆకు వేస్తే వచ్చేది దాదాపు ఓ కిలో నూనె. బట్టీలోంచి తీసేసిన ఆకును ఎండబెడితే అదే మళ్లీ పొయ్యిలోకి.

ఇంత కష్టంతో వచ్చే నూనె మరీ చౌకగా దొరుకుతోందంటే అనుమానించాల్సిందే. ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి గాలికి ఆరనివ్వండి. అసలు నూనె అయితే కొన్ని గంటల్లో ఎగిరిపోతుంది, మరక దాదాపు ఉండదు. గారెలు పెట్టిన కాగితంలా జిడ్డు మిగిలితే అందులో మామూలు నూనె కలిసినట్టు. అయితే టర్పెంటైన్ లాంటి ఎగిరిపోయే సరుకు కలిపితే ఈ పరీక్షకు చిక్కదు. అందుకే తయారీదారు పేరు, బ్యాచి నంబరు, గడువు తేదీ ఉన్న సీసానే కొనాలి. రోడ్డు పక్కన పేరూ ఊరూ లేని సీసాలో పోసి అమ్మేది ఎంత ఘాటుగా ఉన్నా ఒంటికి రాయడానికి పనికిరాదు.

ముక్కు తెరుచుకుంటుందా?

నీలగిరి తైలం వాసన పీల్చగానే మూసుకుపోయిన ముక్కు ఒక్కసారి తెరుచుకున్నట్టు ఉంటుంది. ఇక్కడే ఓ తమాషా ఉంది. 1983లో ప్రచురితమైన ఓ పరిశోధనలో కర్పూరం, యూకలిప్టస్, మెంథాల్ ఆవిర్లను వేర్వేరుగా పీల్పించి, ముక్కులోంచి గాలి ఎంత సులువుగా వెళ్తోందో పరికరంతో కొలిచారు. కొలతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు! పీల్చినవారు మాత్రం 'చల్లగా ఉంది, గాలి బాగా ఆడుతోంది' అన్నారు.

ఎందుకలా? చలిని పసిగట్టే నాడుల కొసలు ముక్కు లోపల ఉంటాయి. మామూలుగా చల్లటి గాలి లోపలికి వెళ్తే అవి మేల్కొంటాయి. 'గాలి ఆడుతోంది' అని మెదడుకు కబురు పంపుతాయి. మెంథాల్, సినియోల్ లాంటివి అవే కొసల్ని తట్టిలేపుతాయి. ముక్కు వాపు అలాగే ఉన్నా మెదడుకు మాత్రం గాలి ఆడుతున్నట్టే లెక్క.

అలాగని దీన్ని ఉత్తుత్తి హాయి అని కొట్టిపారేయనక్కర్లేదు. జలుబు ఎలాగూ వారం పదిరోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆలోగా రాత్రిపూట కంటి నిండా నిద్ర పట్టడమే పెద్ద వరం. కానీ ఒక్క సంగతి మరవకూడదు. వాసనతో హాయి కలిగినంత మాత్రాన లోపల జబ్బు తగ్గినట్టు కాదు. పిల్లలు గబగబా ఊపిరి తీస్తున్నా, డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, మూడు రోజులు దాటినా జ్వరం దిగకపోయినా... తైలాన్ని నమ్ముకుని కూర్చోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

2021 వేసవిలో కరోనా రెండో విడత ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఓ సందేశం సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగింది. కర్పూరం, లవంగాలు, వాము, నీలగిరి తైలం మూటగట్టి వాసన చూస్తే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని! అది నిజం కాదు. ముక్కులో చల్లగా అనిపించడం వేరు, ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి ఆక్సిజన్ చేరడం వేరు.

మరి ఈ నూనెను నోటి ద్వారా మందుగా వాడనే వాడరా? వాడతారు. జర్మనీలో శుద్ధిచేసిన సినియోల్‌ను, పొట్టలో కాకుండా పేగుల్లోకి వెళ్లాక కరిగే గుళికల్లో పెట్టి అమ్ముతారు. సైనసైటిస్, ఉబ్బసం రోగుల మీద అక్కడ పరీక్షలు జరిగాయి, కొంత మేలు కనిపించింది కూడా. కానీ ఆ గుళికలో ఉండేది తూకం వేసి పెట్టిన 100, 200 మిల్లీగ్రాముల శుద్ధ పదార్థం. అదీ డాక్టరో, ఫార్మసిస్టో చెప్పిన మోతాదులో. 'జర్మనీలో మింగుతారట' అని మన సీసాలోది చక్కెర పలుకుల మీద వేసుకుని చప్పరించడం మాత్రం కూడదు.

ఇంట్లో ఇలా...

చేతిరుమాలు: పెద్దలకైనా, కాస్త ఎదిగిన పిల్లలకైనా అన్నిటికంటే క్షేమమైన పద్ధతి ఇదే. ఒకటి రెండు చుక్కలు చాలు. తడి ఆరాక దగ్గర పెట్టుకోవాలి. ముక్కు రంధ్రాల్లో రాయకూడదు, చుక్కలు వేయకూడదు.

ఆవిరి: నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి, గిన్నెను బల్ల మీదికి మార్చి, రెండు మూడు నిమిషాలు ఆగాకే నూనె వేయాలి. మూడు చుక్కలు మించొద్దు. కళ్లు మూసుకుని, ముఖాన్ని గిన్నెకు అడుగు దూరంలో ఉంచి ఐదు నిమిషాలు పట్టుకుంటే సరి. కళ్లు మండుతుంటే ఆపేయాలి.

ఒళ్లు నొప్పులు: అసలు నూనెను నేరుగా చర్మానికి రాస్తే మంట, దద్దుర్లు రావచ్చు. రెండు పెద్ద చెంచాల (30 మిల్లీలీటర్ల) కొబ్బరినూనె లేదా నువ్వుల నూనెలో పన్నెండు చుక్కలు కలిపితే సుమారు రెండు శాతం అవుతుంది. పెద్దలకు మోకాళ్లు, పిక్కలు, నడుము మీద మర్దన చేయడానికి అది చాలు. ముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి ఓ రోజు చూడాలి. గాయాల మీద, కళ్ల దగ్గర రాయకూడదు. రాశాక గట్టిగా కట్టుకట్టడం, పైన వేడి కాపడం పెట్టడం వద్దు.

దుప్పట్లు, దిండు గలీబులు: దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు చాలామందికి తుమ్ములూ ఆయాసమూ తెప్పిస్తాయి. చన్నీళ్ల ఉతుకుకు అవి చావవు. ఉతికే నీళ్లలో యూకలిప్టస్ నూనె కలిపితే వాటిలో ఎక్కువ భాగం చనిపోతాయని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందుగా దాన్ని ద్రవరూపంలో ఉండే డిటర్జెంటులో కలిపి, ఆ తర్వాత బకెట్లో పోయాలి. దుప్పట్లను కాసేపు నాననిచ్చి, మంచినీళ్లతో బాగా జాడించాలి.

జిగురు మరకలు: కొత్త స్టీలు గిన్నె మీది స్టిక్కరు గోళ్లతో గీకినా జిగురు పోదు. దూది మీద రెండు చుక్కలు వేసి రుద్దితే ఊడొస్తుంది. తర్వాత సబ్బుతో తోమి కడగడం మరవొద్దు. బట్టలకంటిన చూయింగ్ గమ్, తారు మరకలకూ ఇదే చిట్కా. ముందు బట్ట అంచున ఓ మూల పరీక్షించాలి. ప్లాస్టిక్ వస్తువుల మీద, పాలిష్ పెట్టిన చెక్క మీద వాడితే అవి పాడైపోతాయి.

నేల తుడవడానికి: బకెట్ నీళ్లకు కాస్త ఫ్లోర్ క్లీనర్, అందులో ఎనిమిది పది చుక్కలు. ముసురు రోజుల్లో ఇంటికి పట్టిన ముక్క వాసన పోతుంది. నేల ఆరేదాకా పాకే పిల్లల్ని, ముఖ్యంగా పిల్లుల్ని అటు రానివ్వకూడదు. పిల్లులు తమ ఒళ్లు తామే నాక్కుంటాయి, ఈ నూనెల్ని వాటి కాలేయం సరిగా అరిగించుకోలేదు.

చెంచాలో చేటు

ఈ ఆకునే మూడు పూటలా తిని బతికే జీవి ఒకటుంది. ఆస్ట్రేలియా కోలా. దాని కాలేయం ఈ ఆకుల్లోని విషాల్ని విరిచేయడానికి తగ్గట్టుగా తయారైంది. అంత చేసినా ఆ తిండి నుంచి వచ్చే శక్తి అంతంతమాత్రమే. అందుకే రోజులో అత్యధిక భాగం కొమ్మ పట్టుకుని నిద్రపోతుంది. మనిషి కాలేయానికి ఆ ఏర్పాటు లేదు. పసివాళ్లకయితే మరీనూ.

ఈ చెట్టు పుట్టిన దేశమే ఈ పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది. మెల్‌బోర్న్‌లోని రాయల్ చిల్డ్రన్స్ హాస్పిటల్‌లో 1981 నుంచి 1992 దాకా యూకలిప్టస్ నూనె మింగి చేరిన 109 మంది పిల్లల వివరాల్ని వైద్యులు పరిశీలించారు. ఎక్కువమందికి ఆ సీసా ఎక్కడ దొరికిందో తెలుసా? జలుబు చేసిన పిల్లల కోసమే గదిలో పెట్టిన ఆవిరి యంత్రం దగ్గర! మందు కోసం దగ్గర పెట్టుకున్న సీసాయే ముప్పు తెచ్చిందన్నమాట.

రెండు మూడు మిల్లీలీటర్లకే పిల్లల్లో మగత మొదలుకావచ్చు. ఐదు దాటితే స్పృహ తప్పే ప్రమాదం ఉంది. నోరు, గొంతు మంట. వాంతులు, దగ్గు, తూలడం. కొందరిలో ఫిట్స్. కొద్ది నిమిషాల్లోనే లక్షణాలు కనిపించొచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా లాంటి ముప్పూ ఉంది.

పెద్దలకూ మినహాయింపు లేదు. మూర్ఛవ్యాధి ఉన్నవారిలోనే కాదు, అంతకుముందు ఎన్నడూ ఫిట్స్ రానివారిలో కూడా యూకలిప్టస్, కర్పూరం నూనెలు వాడాక అవి వచ్చిన సందర్భాలున్నాయని దక్షిణ భారత ఆసుపత్రుల్లో రోగుల్ని పరిశీలించిన నాడీవైద్యులు 2021లో ప్రచురించారు. వాటిలో మింగినవే కాదు, పీల్చినవీ, ఒంటికి రాసుకున్నవీ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ చరిత్ర ఉంటే ఈ సీసాను ఆ ఇంటికి దూరంగా ఉంచడమే మేలు.

పొరపాటు ఎలా జరుగుతుందంటే... చిన్న సీసా, నీళ్లలాంటి రంగు. పక్కనే దగ్గు మందు, ఓమ వాటర్. కరెంటు పోయిన రాత్రి నిద్రకళ్లతో తడుముకుంటూ తీసి చెంచాలో పోస్తే చాలు. వాసన బట్టి తెలియదా అనొచ్చు. ముక్కు దిబ్బడతో ఉన్న ఇంట్లో వాసన ఎవరికి తెలుస్తుంది?

మింగేస్తే ఏం చేయాలి?

వాంతి చేయించకూడదు. ఇది అన్నిటికంటే ముఖ్యం. ఉప్పునీళ్లు తాగించడం, గొంతులో వేలు పెట్టి కక్కించడం మన ఇళ్లలో అలవాటు. నూనె పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి జారితే ఉన్న ముప్పు రెట్టింపవుతుంది. పాలు, నూనె, మజ్జిగ లాంటివీ పట్టొద్దు. పిల్లాడు మగతగా ఉంటే ఓ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెంటనే 108కి ఫోన్ చేయాలి, లేదా ఏ వాహనం దొరికితే దాంట్లో ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సీసా వెంట తీసుకెళ్తే ఎంత తాగాడో, ఏం తాగాడో డాక్టరుకు తేలిగ్గా తెలుస్తుంది. 'ఇప్పుడు బాగానే ఉన్నాడుగా' అని ఇంట్లో ఆగిపోవద్దు. మగత కాసేపు ఆగి కూడా రావచ్చు.

గిన్నెడు నీళ్లతో గండం

నూనె కంటే ఎక్కువగా కాల్చేది దాని కింద మరిగే నీళ్లు. మన ఇళ్లలో గిన్నెను నేల మీద పెట్టి, పిల్లాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఇద్దరి మీదా దుప్పటి కప్పేసుకుంటారు. వేడి తగలగానే పిల్లాడు కాలు జాడిస్తాడు. గిన్నె తొడల మీద బోర్లాపడుతుంది. కరోనా తొలి నెలల్లో, 2020లో, బర్మింగ్‌హామ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు ఆవిరి పట్టే క్రమంలో కాలిన పిల్లలు ఒక్కసారిగా ఎక్కువయ్యారని లాన్సెట్ వైద్య పత్రికకు రాశారు. చదువుకున్న దేశం, చదువుకున్న తల్లిదండ్రులు. అయినా అదే గిన్నె, అదే ప్రమాదం.

చిన్నపిల్లలకు గిన్నెతో ఆవిరి పట్టడం మానేయడమే మంచిది. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కులో వేస్తే గడ్డకట్టిన చీమిడి మెత్తబడి బయటికొస్తుంది. దాంట్లో ఉన్నది ఉప్పునీళ్లే. ఖరీదూ తక్కువ, భయమూ లేదు.

రెండేళ్లలోపు పిల్లలకు నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్ ఉన్న బామ్‌లు ముక్కు దగ్గర, ఛాతీ మీద రాయకూడదు. పసివాళ్ల శ్వాసనాళం సన్నగా ఉంటుంది. ఆ ఘాటుకు అది బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. ఉయ్యాలకు కర్పూరం మూట కట్టే అలవాటూ మానుకోవాలి. మూట విప్పి నోట్లో పెట్టుకునే వయసు రావడానికి ఎంతో కాలం పట్టదు. కర్పూరం మింగినా ఫిట్స్ వస్తాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఉబ్బసం ఉన్నవారు డాక్టరును అడిగాకే ఈ నూనె జోలికి వెళ్లాలి. ఘాటైన వాసనలు ఉబ్బసం ఉన్న కొందరికి ఆయాసాన్ని రేపుతాయి.

సీసాకో చోటు

- తైలం సీసాను తాగే మందులతో కలిపి పెట్టొద్దు. బయటి వాడకం సరుకులకు వేరే డబ్బా కేటాయించాలి.
- కిటికీ, టీవీ బల్ల, దిండు కింద... ఇవేవీ సరైన చోట్లు కావు. తలుపూ గడియా ఉన్న పై అల్మారాలో ఉంచాలి.
- సీసా మీద పెద్ద అక్షరాలతో 'తాగకూడదు' అని రాసిన కాగితం అంటించాలి. ఇంటికొచ్చిన చుట్టాలకూ తెలుస్తుంది.
- ఖాళీ అయిన సిరప్ సీసాల్లో, కూల్‌డ్రింక్ సీసాల్లో నూనె పోసి దాచొద్దు.
- ముదురురంగు గాజు సీసా, బిగుతైన మూత ఉండాలి. వెలుతురుకూ గాలికీ నూనె పాడవుతుంది. వాసన మారినదాన్ని చర్మానికి రాయొద్దు.
- ఇది మండే సరుకు. దేవుడి దీపం, గ్యాసు పొయ్యి, దోమల చక్రం దగ్గర పెట్టొద్దు.
- వాడిన వెంటనే మూత బిగించి, సీసాను దాని చోట పెట్టాకే లైటు ఆర్పాలి.

ఈ జాబితాలో చివరిదే మొదటిది. ముసురు రాత్రి బాబు నిద్రపోయాడు కదా, సీసా సంగతి పొద్దున చూద్దాంలే అనిపిస్తుంది. ఇంట్లో అందరికంటే ముందు నిద్రలేచేది ఆ నాలుగేళ్లవాడే అయితే..?

రుమాలు మీద ఆ రెండు చుక్కలు వేయండి. నిశ్చింతగా వేయండి. వేసిన చేత్తోనే సీసాను పై అల్మారాలో పెట్టి గడియ వేయండి. అప్పుడే బాబుకూ నిద్ర, ఇంటిల్లిపాదికీ నిద్ర!